పొయ్యి వెనుక తెల్లగోడ



నేడు నేను మాటలాడబోవు విషయము మీకు కొంచెము చిన్నదిగా తోచవచ్చును. వంటయింటిలో పొయ్యి వెనుకనుండు గోడకు తెల్లని పింగాణీ పలకలు వేయించుట, ఇదియే విషయము. పంటలనుగూర్చియు పశువులనుగూర్చియు వినుటకలవాటుపడిన మీకు, “ఇది ఆడువారి సంగతి గదా, మాకెందుకు?” అనిపించుట సహజము. కాని ఇల్లు కట్టునప్పుడు ఏ గదికెంత సొమ్ము పెట్టవలెనో నిర్ణయించునది సాధారణముగా మీరు. ఉదయమును సాయంకాలమును ఆ గోడయెదుట నిలుచుండునది మఱొకరు. అందుచేతనే మన యిండ్లలో వీధియరుగు మొదట ముగియును. వంటయిల్లు చివరకు మిగిలిన సొమ్ముతో, మిగిలిన సామానుతో, మేస్త్రీ తొందరపడుచున్న దినములలో ముగియును. ఈ గోడకు కావలసినది మహా అయినచో ఇరువదియైదు చదరపు అడుగుల పలక. సావడి నేలకగు వ్యయములో ఇది చిన్న భాగము. కావున ఒక్క పావుగంట వినుడని కోరుచున్నాను.

దుకాణములలో దీనిని టైలు అందురు. కొన్ని తావుల బిళ్ళయనియు వ్యవహారము కలదు. నేను పలకయనియే చెప్పెదను.

మొదట ఆ గోడమీద జరుగుచున్నదేమో చూతము. మూకుడులో నూనె కాగినపిమ్మట ఆవాలు వేయుదురు. గింజలోని తేమ ఆవిరియై గింజను పగులగొట్టును; దానితోపాటు నూనె తుంపరలెగురును. కరివేపాకు వేసినప్పుడు ఇంకను ఎక్కువ. ఆ తుంపరలలో కొన్ని వండువారి చేతిమీద పడును, కొన్ని గోడమీద పడును. సున్నము కొట్టిన గోడ కంటికి కనబడని సన్నని రంధ్రములతో నిండియుండును గనుక నూనెను త్రాగును. త్రాగినదానిని తిరిగి యీయదు. దానిమీద పసుపు, కారము, పిండి, దుమ్ము వరుసగా చేరును. అట్లు జిడ్డెక్కిన గోడకు మరల సున్నము కొట్టినను పట్టు చిక్కదు. నాలుగు దినములకే పెచ్చులుగా రాలి క్రిందనున్న గిన్నెలో పడును. రాత్రి దీపమార్పిన తరువాత బొద్దింకలకు ఆ జిడ్డే విందు.

మన పూర్వులకీ సంగతి తెలియదనుకొనరాదు. మట్టిపొయ్యిని, దాని వెనుక గోడ అడుగుభాగమును, ప్రతిదినము పేడతోనో ఎఱ్ఱమట్టితోనో అలికి ముగ్గుపెట్టెడివారు. అది అలంకారము మాత్రమే కాదు. నిన్నటి జిడ్డును ఒక పలుచని క్రొత్తపొరతో కప్పివేయుట అందలి ప్రయోజనము. గోడ దినదినమును క్రొత్తదగుచుండెను. అందుకైన మూల్యము ఒక స్త్రీ తెల్లవారుజాము కష్టము. ఇటుకగోడయు సిమెంటుపూతయు వచ్చినపిమ్మట అలుకు పోయినది. దాని స్థానమున చాల యిండ్లలో ఏమియు రాలేదు. తెల్లపలక ఆ ఖాళీకి తగినది. అలుకు జిడ్డును కప్పును. పలక జిడ్డును లోనికి పోనీయదు. తడిగుడ్డతో ఒకమారు తుడిచిన చాలును.

ఈ పని క్రొత్తదియు కాదు. పదునేడవ శతాబ్దమున హాలెండు దేశమున పొయ్యిగూటి చుట్టును, నేలకానుకొనియున్న గోడ యడుగునను, తెల్లని పలకలపై నీలిరంగు బొమ్మలు వేసినవి అతికించెడివారు. పొగకును, నేల తుడుచునప్పటి తడికిని గోడ చెడకుండుటకే ఆ యేర్పాటు. చీనా పింగాణీని చూచి దానివలె కనబడుటకు మట్టిపలకపై తగరపు భస్మము కలిపిన తెల్లని పూత పూసిరి. మన మచిలీపట్నమున బట్టల వర్తకమునకు దిగిన డచ్చివారు ఆ దేశస్థులే. తరువాత 1840లో ఇంగ్లండున రిచర్డ్ ప్రాసర్ అనువాడు, తడిమట్టికి బదులు ఇంచుమించు పొడిగానున్న మట్టిని యంత్రముతో అదిమి గుండీలు చేయు పద్ధతికి హక్కు పొందెను. మింటన్ కర్మాగారమువారు అదే పద్ధతిని పలకలకు వాడిరి. పలక చౌకయైనది, కొలత సమముగా వచ్చెను. ఆ శతాబ్దము ఉత్తరార్ధమున రోగములకు సూక్ష్మజీవులు కారణమని పాశ్చరు, కోక్ మొదలగువారు నిరూపించిరి. కలరా క్రిమిని కోక్ పరీక్షించి నిర్ధారించినది 1884లో మన కలకత్తాలోనే. అప్పటినుండి ఆసుపత్రులకు, పాలకేంద్రములకు, వంటయిండ్లకు తెల్లపలక వ్యాపించెను. 1904లో తెఱచిన న్యూయార్కు భూగర్భ రైలు స్టేషనులలో 3 అంగుళముల ఎత్తును 6 అంగుళముల పొడవును గల తెల్లపలకలను ఇటుకవరుసవలె పేర్చిరి. నేటికిని ఆ కొలత పలకకు ఆ రైలు పేరే వాడుకలోనున్నది.

తెలుపునకే యింత పట్టుదల యెందుకు? కొందరు పెద్దలు నాతో, “తెల్లపలక స్నానాలగదికి గాని వంటయింటికి తగదు, ఆసుపత్రివలె నుండును” అనిరి. అది అలవాటువలన కలిగిన అభిప్రాయము. మన పల్లెలకు తెల్లపలక మొదట స్నానాలగది ద్వారముననే ప్రవేశించినది గనుక అట్లు తోచును. సంక్రాంతికి ముందు వంటయింటికి సున్నము కొట్టించుట మనకు పరాయి ఆచారము కాదుగదా! గోధుమరంగు పలకమీద జిడ్డు నెలలకొలది కనబడదు. కనబడదు గనుక తుడువబడదు. తెల్లపలకపై ఆ పూటది ఆ పూటనే కనబడును. వంటయింట మురికి దాచు రంగును కోరుట, అప్పుపుస్తకమును నల్లసిరాతో పులుముట వంటిదని నా అభిప్రాయము.

తెలుపునకు మఱొక కారణము వెలుతురు. మన పల్లెలలో వంటయిల్లు ఆగ్నేయమూలను, వండువారు తూర్పుముఖముగ నుండునట్లును కట్టుట అనేకులకు నియమము. ఆ నియమము మంచిచెడ్డలు నేను చర్చింపను. దానివలన ఈ గోడకు కలుగు స్థితిని మాత్రము చెప్పెదను. పొయ్యి తూర్పుగోడకు ఆనియుండును. ఆ గోడలోనే కిటికీయున్నచో ఉదయపు వెలుతురు కన్నులలో పడును. గోడయొక్క లోపలిమొగము నీడలో నుండును. బియ్యములో రాయి, పప్పులో పురుగు కనబడవలసిన చోటనే చీకటి. ఎదుటిగోడనుండి తిరిగివచ్చు వెలుతురును మరల గట్టుమీదికి పంపగలిగినది తెల్లని నునుపుగోడ యొక్కటే. మసిగోడ వచ్చిన వెలుతురునంతను మ్రింగివేయును. రాత్రివేళ మఱియొక చిక్కు. గది నడుమ వ్రేలాడు దీపము వండువారి వీపువెనుక నుండును; ఆమె నీడ ఆమె కత్తిపీటమీదనే పడును. దీపమును ఆమెకు ముందు, పలకలకు పైన, అలమార అడుగున అమర్చినచో నీడ వెనుకకు పోవును. దీపము కంటికి సూటిగా కనబడకుండ చిన్న అడ్డుపలక యుండవలెను. లేనియెడల నునుపుపలకలో దాని ప్రతిబింబము కన్నుపొడుచును.

కిటికీ విషయమున ఒకమాట. దానిని సరిగా మంటవెనుకనే పెట్టరాదు. గాలికి గ్యాసుమంట చెదరును, ఆరిపోవుటయు కలదు. ఒకప్రక్కకు జరిపినచో గాలియు వచ్చును, పొయ్యివెనుక పలకలు కోతలేక వరుసగాను వచ్చును.

ఇక పలకలు ఎంతమేర వేయవలెనను ప్రశ్న. దీనికి ఇంజనీరు అక్కరలేదు. మీ పాత వంటయింటి గోడయొద్దకు పోయి చూడుడు. నూనెమరకలే మీకు పటము గీసియిచ్చినవి. ఆ మరకల పొలిమేరను బొగ్గుముక్కతో గీయుడు. గీచునప్పుడు వండు మనిషిని ప్రక్కన నిలువబెట్టుకొనుడు. మీ కోడలో, మీ యింటి ఇల్లాలో మీకు తెలియని రెండుమూడు చోట్లు చూపుదురు: రుబ్బునప్పుడు చిందుచోటు, గంటె తగిలించు మేకు చుట్టు, అంట్లతొట్టి మూల. నేను చూచిన ఇండ్లలో మరక ఎక్కువగా గట్టునుండి రెండడుగుల ఎత్తువరకు నుండును. పైన అలమారయున్నచో దాని అడుగువరకు పలక పోవలెను. నడుమ జానెడు గోడను ఊరక విడిచినచో తుడువరాని జిడ్డంతయు అక్కడనే చేరును. నేలపొయ్యి వద్ద కూర్చుండి వండువారికి పలక నేలనుండియే మొదలు కావలెను. మూడడుగుల ఎత్తు చాలును. కాని కట్టెల మంట సూటిగా నాకునట్టి చోట పలక పెట్టరాదు. పొయ్యికిని గోడకును నడుమ జానెడు ఎడమైన ఉండవలెను. వేడెక్కిన పలకపై చన్నీళ్ళు చల్లినచో పైపూత నెఱ్ఱెలువారును.

కొలతను ఒక ఉదాహరణతో చెప్పెదను. గట్టు పొడవు 10 అడుగులు. ప్రక్కగోడకు తిరిగినది 2 అడుగులు. ఎత్తు 2 అడుగులు. మొత్తము 24 చదరపు అడుగులు. దీనికే కొలత పలక మంచిది? ఇచట అందముకన్న ముందు సందులను లెక్కింపవలెను. పలకకు జిడ్డు పట్టదు; పలకకును పలకకును నడుమనున్న సందునకు పట్టును. 3 అంగుళములకు 6 అంగుళముల చిన్నపలకలు వాడినచో ఈ గోడకు 192 పలకలు పట్టును. సందులన్నియు ఒకదాని కొసకు ఒకటి చేర్చినచో సుమారు 144 అడుగుల పొడవు. 8కి 12 అంగుళముల పలకలైనచో సుమారు 60 అడుగులు. 12కి 24 అంగుళములవైనచో 36 అడుగులు. చిన్నపలకల గోడ పత్రికలలోని బొమ్మలో ముచ్చటగా నుండును. కాని 144 అడుగుల సందును కుంచెతో తోమవలసినది బొమ్మ తీసినవాడు కాడు. పెద్దపలకకు వేరొక దోషము కలదు. గోడ ఏమాత్రము వంకరగానున్నను దాని అంచు ముందుకు పొడుచుకొనివచ్చును. పల్లెలలో గోడలు తూకపుగుండుకు సరిగా నిలుచుట అరుదు. కావున మనకు 8కి 12 అంగుళముల పలక, అడ్డముగా పెట్టినది, మధ్యమార్గము.

దుకాణములో 12 అంగుళములని చెప్పు పలక నిజముగా 300 మిల్లీమీటర్లు. మన అడుగు 304.8 మిల్లీమీటర్లు. పది పలకలు పేర్చిన పది అడుగులగునని తలచినచో, అగ్గిపుల్ల మందము సందులు విడిచిన తరువాత కూడ ఒక అంగుళము పైచిలుకు ఖాళీ మిగులును. మేస్త్రీ ఆ మూలను సన్నని చీలికపలకతో పూడ్చును. చూచిన ప్రతివాని కన్నును అచ్చటికే పోవును. దానికి ఉపాయమేమన, ఒక పలక నడిమిభాగమును సరిగా పొయ్యి నడిమిరేఖకు చేర్చి, అచటినుండి రెండుప్రక్కలకు పోవుట. పొయ్యి గట్టు నడుమ నున్నచో తొమ్మిది నిండుపలకలు నడుమను, రెండు చివరల సగమునకు కొంచెము ఎక్కువైన ముక్కలును వచ్చును. వరుసకు 11, ప్రక్కగోడకు 2, వెరసి 13, మూడువరుసలకు 39. కోతలో పగులునవి కలుపుకొని 45 తెచ్చుకొనవలెను. వైశాల్యమునుబట్టి లెక్కించు దుకాణదారుడు 37 చాలుననును. అతని లెక్క తప్పు కాదు. గోడ లెక్క వేరు. అతికించుటకు పూర్వమే ఒక వరుసను నేలపై పేర్చి, నడుమ అగ్గిపుల్లలు పెట్టి, కన్నులార చూచుకొనుడు. ఆ పని అరగంట.

పలకకు పలక ఆనించి సందులేకుండ వేయుమని కొందరు కోరుదురు. అది కూడదు. ఎండకు వానకు గోడ కొంచెము పెరుగును, తరుగును. చోటులేనిచో పలకలు ఒకదానినొకటి నెట్టుకొని పగులును. అగ్గిపుల్ల యంత సందు, సుమారు 2 మిల్లీమీటర్లు, తప్పక యుండవలెను.

ఆ సందును దేనితో నింపవలెను? మేస్త్రీ అలవాటుగా తెల్లసిమెంటు తెచ్చును. పసుపులో సున్నము కలిపిన పారాణి యగునని మన స్త్రీలకు చెప్పనక్కరలేదు. సిమెంటులోను సున్నపు గుణము కలదు. క్రొత్తసందున పసుపుచుక్క పడినచో మొదట ఎఱ్ఱబారును, పిమ్మట పచ్చగా లోనికింకి నిలుచును. దానిని పోగొట్టుటకు చింతపండుతోనో నిమ్మచిప్పతోనో తోమినచో ఆ పులుపు సందులోని సిమెంటునే కరిగించును. సందు గరుకై మఱింత పసుపు త్రాగును. స్నానాలగదికి వాడు ఆమ్లము పోయుట ఇంకను చెఱుపు. కావున రెండు మార్గములు. సిమెంటు జాతి పూడికనే వాడదలచినచో తెలుపు విడిచి లేత బూడిదరంగును కోరుడు. తెల్లపలకల నడుమ సన్నని బూడిదగీత, గీతలు గీచిన కాగితమువలె, చూడ ముచ్చటగానే యుండును. లేదా ఎపాక్సీ యను రెండుపాళ్ళ పూడిక దొరకును. అది నూనెను పసుపును త్రాగదు. వెల ఎక్కువ, పలకమీద అంటినదానిని గట్టిపడకముందే తుడిచివేయని మేస్త్రీ చేతిలో పడినచో అందవికారము. మన గోడ చిన్నది గనుక వ్యయము భరింపరానిది కాదు. నా మట్టుకు నేను పొయ్యివెనుక గోడకు దీనినే మెచ్చుకొందును.

పలక జాతినిగూర్చి ఒక ముఖ్యవిషయము. పలుగురాయి, ఫెల్డ్‌స్పారు, బంకమట్టి మొదలగువాని పొడిని అదిమి, పైపూత పూసి, కొలిమిలో కాల్చుటవలన పలకయగును. పలుగురాయియు ఫెల్డ్‌స్పారును మన గూడూరు ప్రాంతమున దొరకునవే. పూతను తెల్లగా చేయు జిర్కాను మన తూర్పుతీరపు ఇసుకలో నున్నది. అయినను దేశమున పలకల పరిశ్రమకు పేరుమోసిన స్థలము గుజరాతులోని మోర్బీ. గోడపలక లోపలిభాగము గుల్లగానుండి, తన బరువులో నూటికి పదిపాళ్ళకు మించి నీరు త్రాగును. విట్రిఫైడు అను నేలపలక అట్లుకాదు. నూటికి అరపాలు కూడ త్రాగదు. పలకను వెనుకకు త్రిప్పి నీటిచుక్క వేసిన భేదము తెలియును. త్రాగెడు పలక సిమెంటును కూడ త్రాగి పట్టుకొనును. త్రాగని పలకకు ఉత్త సిమెంటు పట్టదు. దానికి తగిన జిగురుపొడి వేరుగా కలదు.

గోదావరిసీమలో ఒక గ్రామమున నేను చూచినది చెప్పెదను. ఇంటి యజమాని సావడినేలకు తెచ్చిన పెద్దపలకలు కొన్ని మిగిలినవి. వాటిని పొయ్యివెనుక గోడకు వేయుమని మేస్త్రీకి చెప్పెను. మేస్త్రీ సిమెంటుముద్దలు ఐదేసి పెట్టి అతికించి పోయెను. ఏడాది నిండకముందే ఒక మధ్యాహ్నము, పులుసు ఉడుకుచుండగా, పై వరుసలోని పలక ఊడి గిన్నెలో పడెను. ఆ యింటి పెద్దకోడలికి ముంజేయి కాలినది. నేను పోయినప్పటికి గాయము మానినది. మచ్చ మాత్రము మిగిలినది. తక్కిన పలకలను తాపీపిడితో తట్టి చూచితిని. సగమునకుపైగా కుండవలె బోలుగా మ్రోగినవి. ఆ బోలుచోట్లనుండి బొద్దింకలు బయటికి వచ్చుచుండెను. ఇంటి ముంగిట మాత్రము చక్కని రాతిస్తంభములు!

కావున అతికించునప్పుడు మీరు దగ్గరనుండి చూడదగినవి ఇవి. పాతగోడ జిడ్డును మసిని ఉలితో పూర్తిగా చెక్కించి గంట్లు పెట్టించుడు. జిడ్డుమీద ఏదియు నిలువదు. సిమెంటుతో వేయు గోడపలకలను నీటిలో బుడగలాగువరకు నాననిచ్చి, పైతడి ఆరినపిమ్మట వాడవలెను. నాననిపలక సిమెంటులోని నీటిని పీల్చి దానిని పొడిచేయును. సిమెంటైనను జిగురైనను వెనుకభాగమంతటికి పట్టింపవలెను గాని ముద్దలుగా కాదు. గట్టుబండను నమ్మక, రసమట్టముతో గీచిన గీతను నమ్మి మొదటివరుస పెట్టవలెను. మరునాడు ఒక్కొక్క పలకను తట్టి, బోలుగా మ్రోగినదానిని అప్పుడే తీయించి మరల వేయింపుడు. గట్టుబండయు గోడయు కలియు మూలను మాత్రము సిమెంటుతో పూడ్చరాదు. బండ వేరు, గోడ వేరు. రెండును వేర్వేరుగా కదలును. సిమెంటు చిట్లి, నీరు దిగి, బండక్రింద చెమ్మపట్టును. అచ్చట రబ్బరువలె సాగు సిలికాన్ పూడిక కావలెను.

మట్టిగోడల ఇండ్లవారికి నా సలహా వేరు. మట్టిగోడపై సిమెంటు పూసి పలక వేయించినచో లోనిచెమ్మ వెలికిరాలేక ఆ పూత అంతయు పెచ్చుగా ఊడును. పొయ్యివెనుక పలకకు కావలసినంతమేర అరయిటుక గోడను విడిగా లేపుకొని దానికి వేయుట మేలు. అంత శక్తి లేనప్పుడు అలుకే మంచిది. దానిని హీనముగా చూడవలసిన పనిలేదు.

ఇంతవరకు జిడ్డును గూర్చి చెప్పితిని. పొగ వేరు సంగతి. 1999లో ఆంధ్రప్రదేశమున దీపము పథకమును, 2016లో దేశమంతట ఉజ్జ్వల పథకమును వచ్చి గ్యాసుబండలు పల్లెలకు చేరినవి. అయినను బండ వెల చూచి స్నానపు నీళ్ళకును, పశువుల దాణాకును, ఒక్కొక్కప్పుడు అన్నమునకును కట్టెపొయ్యినే వెలిగించు ఇండ్లు ఇప్పటికిని కలవు. అట్టి గదిలో తెల్లపలక వారములోనే నల్లబడును. “ఈ తెల్లపలక పనికిరానిది, నల్లది వేయింపుము” అని అనువారుందురు. పలక చేసిన తప్పేమి? గోడకంటిన మసి అక్కడ వండువారి రొమ్ములోనికిని పోవుచున్నది. పక్కన ఆడుకొను పసివాని రొమ్ములోనికిని పోవుచున్నది. ఇండ్లలోని పొయ్యిపొగవలన 2020లో లోకమున 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్కకట్టినది. గోడను తుడువవచ్చును, ఊపిరితిత్తులను తుడుచుటకు గుడ్డలేదు. కావున సొమ్ము ఒక్కదానికే చాలునప్పుడు మొదట పొగగొట్టమునకు పెట్టుడు. గొట్టము ఇంటికప్పు మీదుగా పైకి పోవలెను గాని చూరుక్రిందనే ఆగిపోరాదు; చూరుక్రింది పొగ తిరిగి గదిలోనికే వచ్చును. పొగ పోయినదో లేదో తెలిసికొనుటకు పొయ్యిపైన ఒక్క తెల్లపలక అతికించి నెలదినములు చూడుడు.

పూలబుట్టలు, ద్రాక్షగుత్తులు, తేనీటి కెటిలు వ్రాసిన బొమ్మపలకలు నడుమ ఒకటి రెండు పెట్టుమని దుకాణదారుడు బలవంతము చేయును. మన పొయ్యిమీద ఎన్నడును ఉడుకని ద్రాక్షలు గోడమీదనెందుకో నాకు బోధపడలేదు. ఇంటివారికి ముచ్చటయైనచో కాదనను, పైవరుసలో వేయించుడు. ఉబ్బెత్తు చెక్కడముగల పలకలు మాత్రము వద్దు. ప్రతి గాడియు ఒక జిడ్డుకాలువ.

పలక కొనునప్పుడు మఱొక జాగ్రత్త. తెలుపన్నను ఒక్కటే తెలుపు కాదు. ఒక కొలిమివిడతలో కాలినది పాలవలెను, మఱొక విడతలోనిది మజ్జిగవలెను ఉండును. అన్ని పెట్టెలమీదను విడతసంఖ్య ఒక్కటేయగునట్లు చూచుకొనుడు. ఐదారేండ్లకు ఒక పలక పగిలినప్పుడు అదే తెలుపు దుకాణములో దొరకదు. కావున పని ముగిసినపిమ్మట మిగిలిన నాలుగైదింటిని మేస్త్రీ సంచిలో పోనీయక, పాతగోనెలో చుట్టి, పెట్టెమీది సంఖ్యగల అట్టముక్కను దానికి కట్టి, అటకమీద గోడవైపునకు నిలువుగా ఆనించి యుంచుడు. ఉంచినచోటు వంటచేయువారికి కూడ చెప్పియుంచుడు.